పాకలోకి మోసిన మంచం

మా వాళ్ళందరూ చెప్పే కథ ఇలా ఉంటుంది. అమ్మమ్మ మహా పుణ్యాత్మురాలు. పోయే ఘడియ దగ్గరపడిందని ఆవిడకి ముందే తెలిసిపోయింది. కొత్తింటికి దోషం అంటకూడదని, ఎవరినీ పిలవకుండా, చాప చంకలో పెట్టుకుని తనంతట తనే దొడ్లో పాకలోకి వెళ్ళి పడుకుంది. "ఇక్కడే బావుంది, గాలొస్తోంది" అంది. అలా గాలి పీలుస్తూ హాయిగా పోయింది. పెళ్ళిళ్ళలో, భోజనాల బంతి లేచాక, ఎవరో ఒకరు ఈ కథ మొదలెడతారు. వినేవాళ్ళు చేతులు జోడిస్తారు. అమ్మమ్మని చూడని పిల్లలు కూడా ఇప్పుడు ఇదే చెబుతున్నారు.

నేను ఒప్పుకోను. పక్కమీద అటునుంచి ఇటు ఒత్తిగిలడానికి ఇంకొకరి చెయ్యి కావలసిన మనిషి, చాప చంకన పెట్టుకుని దొడ్డి దాటి ఎలా నడిచిందో ఎవరైనా నాకు చెప్పాలి. అసలు చాప లేదు. నవారు మంచం. దాన్ని మనిషితో సహా మగవాళ్ళు ఎత్తి బయటికి తెచ్చారు. గుమ్మంలో పట్టక ఒక కోడు తలుపు చెక్కకి గుద్దుకుని పెచ్చు లేచింది. తర్వాత దాని మీద రంగు వేశారు కానీ, వేలు పెట్టి తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది. ఆవిడ నడవలేదు. మోశారు. ఈ రెండిటికీ తేడా ఏముందని అడిగేవాళ్ళతో ఇన్నేళ్ళుగా పోట్లాడుతున్నాను. "నీకు నోరెక్కువ" అంటారు. ఎక్కువే. అది ఎవరి పోలికో కూడా వాళ్ళకి తెలుసు.

అమ్మమ్మ ఊరు రామచంద్రపురం దగ్గర. నా చిన్నప్పుడు అక్కడ పెంకుటిల్లు ఉండేది. ముందు వీధి వసారా, లోపల మండువా, వెనక దొడ్డి, దొడ్లో తాటాకులు కప్పిన పశువుల పాక. మా అమ్మా, మావయ్యా ఇద్దరే ఆవిడ పిల్లలు. సెలవులివ్వగానే అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చేసేది. అమ్మమ్మకి చదువు రాదు. కానీ మనం ఆదివారం, సోమవారం అనుకున్నట్టు ఆవిడ అశ్వని, భరణి అనుకునేది. ఉగాదినాడు సిద్ధాంతి పంచాంగం చదువుతుంటే ఒకసారి వినేది, అంతే. తర్వాత ఏడాదంతా వేళ్ళ కణుపుల మీదే లెక్క. ఏ నక్షత్రంలో ఆవకాయ కలపాలి, ఏ నక్షత్రంలో తలంటుకోవాలి, ఏ నక్షత్రంలో పిల్లకి చెవులు కుట్టించాలి, అన్నీ ఆ కణుపుల్లోనే ఉండేవి.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడతో దీనిమీద వాదం పెట్టుకునేదాన్ని.

"చంద్రుడు ఎక్కడో తన దారిన తను తిరుగుతుంటాడు. నీ ఆవకాయతో ఆయనకేంటి పని?"

"ఆయనకి నా ఆవకాయతో పనుంది కాబట్టే నిలవుంటోంది. నీ పుస్తకంలో పెట్టిన ఆవకాయ ఏదీ, తే, కలుపుకుందాం."

"సరే, పరీక్షకి ఏ నక్షత్రం మంచిదో చెప్పు."

"చదివినవాళ్ళకి ఏదైనా ఒకటేనే. నీకే వెతకాలి."

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను ఓడిపోయినట్టు ఒప్పుకోకుండా ఇంకో ప్రశ్న వేసేదాన్ని. అలా ఆవిడ దగ్గరే వాదించడం నేర్చుకున్నాను. కాలేజీలో నేర్చుకున్నానని మా వాళ్ళు అనుకుంటారు.

ఆ నక్షత్రాల లెక్కలో ఆవకాయ కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉండేది. కొన్ని నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు నెలల తరబడి తాళం వేసి వదిలెయ్యాలి. మా వైపు దీన్ని ఇల్లు పాడుపెట్టడం అంటారు. ధనిష్ఠ నుంచి రేవతి దాకా వరసగా వచ్చే ఐదూ వీటిలో మరీ చెడ్డవి. అందుకని, ఇక దక్కదనుకున్న మనిషిని ముందుగానే బయటికి చేరుస్తారు, ఇంటి కప్పు కింద ప్రాణం పోకుండా. ఊళ్ళో ఎవరికైనా సీరియస్‌గా ఉంటే ముందు అమ్మమ్మకి కబురొచ్చేది. ఆవిడ వెళ్ళి, మనిషిని చూసి, కణుపులు లెక్కపెట్టి, "ఇంకా తొందర లేదు, రేపు మధ్యాహ్నం దాకా లోపలే ఉండనివ్వండి" అనో, "ఇక మొయ్యండి" అనో చెప్పేది. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ జరగనట్టు కూర తరుక్కునేది.

తన అత్తగారిని తనే బయటికి చేర్చిందని కూడా ఆవిడే చెప్పింది. ఓ ఎండాకాలం, వసారాలో చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. చేర్చింది ఆ వసారాలోకేనట. వానాకాలమట. "లోపల పోనిచ్చుంటే ఈ పిల్లల్ని వేసుకుని ఎక్కడ తలదాచుకోనే? ఎవరిస్తారు ఇల్లు?" అంది. నేనేమీ అడగలేదు. అయినా సమాధానం చెప్పినట్టే చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

తొంభైల్లో మా వైపు వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. మావయ్య కూడా చేలు తవ్వించాడు. మొదట్లో కలిసొచ్చింది. పెంకుటిల్లు పడగొట్టి శ్లాబు ఇల్లు కట్టాడు. మండువా పోయింది, వసారా పోయింది. పశువులు అమ్మేశారు. పాక మాత్రం ఉంచారు, రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవడానికి. కొత్తింట్లో దేవుడి గది పక్కన పెద్ద గది ఇస్తానంటే అమ్మమ్మ వద్దంది. "నాకు వంటింటి పక్కది చాలు. దేవుడితో నాకు అంత మాటల్లేవు" అంది. వంటింటి గోడకి ఉన్న చిన్న కిటికీ ఆ గదిలోకి తెరుచుకుంటుంది. మోకాళ్ళు పట్టేసి మంచానికే అంటుకుపోయాక కూడా అక్కణ్ణుంచే వంట నడిపించేది. అత్తయ్య మూత తియ్యకముందే కేక వినపడేది.

"బెండకాయ జిగురు వదల్లేదు. ఇంకాస్త వేగనీ."

"వేగనిస్తున్నానండి."

"పోపులో మెంతులు మాడాయి."

"మాడలేదండి అత్తయ్యగారూ."

"ముక్కు నాదా, నీదా?"

అత్తయ్య నా వైపు తిరిగి, "మీ అమ్మమ్మ ముక్కుకి కళ్ళద్దాలు కూడా అక్కర్లేదమ్మా" అనేది. అత్తయ్య చెడ్డది కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే నాకు ఎంత తేలికగా ఉండేదో.

పెళ్ళయ్యాక నేను నిడదవోలులో ఉండేదాన్ని. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం. జంధ్యాల పున్నమి నాడు ఆయన ఆఫీసుకి ఫోనొచ్చింది. అమ్మమ్మకి జ్వరం ముదిరి స్పృహ పోయిందని, రామచంద్రపురం నుంచి వచ్చిన డాక్టరు చూసి, ఇక పట్నం తిప్పి లాభం లేదన్నాడని. మర్నాడు పొద్దున్నే పాసింజరు ఎక్కి రాజమండ్రిలో దిగి, బస్సు పట్టుకుని, రామచంద్రపురం నుంచి ఆటోలో వెళ్ళాను. అమ్మ అప్పటికే అక్కడుంది.

చెప్పులు విడిచి తిన్నగా వంటింటి పక్క గదిలోకి వెళ్ళాను. మంచం లేదు. నేల కడిగి ఉంది, ఫినాయిలు వాసన వేస్తోంది. మంచం ఉన్న చోట నాలుగు కోళ్ళ గుర్తులు మాత్రం తేమలో కనిపిస్తున్నాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆ ఏడుపు విని అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, పోలేదమ్మా. ఉన్నారు. పాకలో ఉన్నారు."

"పాకలోనా?"

"నిన్న సాయంత్రం సిద్ధాంతిగారు వచ్చారమ్మా. ధనిష్ఠ వచ్చేస్తోంది, ఆలస్యం చెయ్యకండి అన్నారు. మొదట వరండాలో పెడదామనుకున్నాం. వరండాకి, ఇంటికి శ్లాబు ఒకటే కదా, అది కూడా ఇల్లే అవుతుందన్నారు. దాంతో మరి…"

ఏడుస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. శ్లాబు. శాస్త్రం రాసినవాళ్ళకి శ్లాబు సంగతి ఎలా తెలిసిందో అత్తయ్యని అడగాలనిపించింది. అడిగాను కూడా. అత్తయ్య తల దించుకుని, "మాకేం తెలుస్తుందమ్మా, పెద్దవాళ్ళు చెప్పింది చేస్తాం" అంది. ఆ ఇంట్లో పెద్దవాళ్ళంటే అంతవరకూ ఒక్కరే. ఆవిడ పాకలో ఉంది.

పాకలో పడమటి వైపు మేత బస్తాలు దూలం దాకా పేర్చి ఉన్నాయి. తూర్పున గోడ. ఉన్న ఒక్క గుమ్మానికి ఎదురుగా కొత్తింటి వెనక గోడ అడ్డం. గాలి ఎటునుంచి వస్తుందో, ఈ కథ చెప్పేవాళ్ళు ఒక్కసారి అక్కడ నిలబడి చూపించాలి. ఎండు చేపలూ, తౌడూ కలిసి మగ్గినట్టుండే మేత వాసన గొంతులో పట్టుకుంటుంది. అమ్మ మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది, చెంచాతో తులసి నీళ్ళు పెదాల మీద తడుపుతోంది. మావయ్య గుమ్మానికి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. నన్ను చూసి లేచాడు. దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్ల రొద ఒకటే వినిపిస్తోంది.

అందరం పోతుందనే కూర్చున్నాం. ఆ మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ కళ్ళు తెరిచింది.

ముందు పైకి చూసింది. తాటాకు కప్పు. అటు తిరిగింది. బస్తాలు. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత అమ్మని అడిగింది, గొంతు పీలగా ఉన్నా మాట స్పష్టంగానే ఉంది.

"జంధ్యాల పున్నమి వెళ్ళిందా?"

"మొన్న వెళ్ళిందమ్మా" అంది మా అమ్మ. తల్లి మాట్లాడిందన్న సంతోషంలో ఏం చెబుతోందో చూసుకోలేదు.

శ్రావణ పున్నమికి శ్రవణం. దాని వెనకే ధనిష్ఠ, దాని వెనకే శతభిషం. ఆవిడ వేళ్ళ కణుపులు కూడా కదపలేదు. "ఊఁ" అంది. కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవిలోకి కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచింది. ఎంతమందినో "ఇక మొయ్యండి" అన్న మనిషికి, తను ఏ లెక్కలో ఎక్కడుందో అర్థం కావడానికి ఒక్క మాట చాలింది.

కానీ పోలేదు. జ్వరం దిగింది. జావ తాగింది, తర్వాత మెత్తటి అన్నం తింది. కూర్చోబెడితే కూర్చుంది. డాక్టరు మళ్ళీ వచ్చి నాడి చూసి, "గట్టి ప్రాణమండి" అన్నాడు. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. అయితే ఇక లోపలికి తీసుకెళ్ళిపోవచ్చు కదా అని నేను అన్నాను. ఇంత చిన్న మాట అంటే ఇంతమంది మొహాలు చూసుకుంటారని అనుకోలేదు.

ముందు, ఆ చెడ్డ ఐదూ వెళ్ళాలన్నారు. వెళ్ళాయి. చావుకని బయట పెట్టిన మనిషిని ఊరికే గడప దాటించకూడదు, శాంతి చేయించాలన్నారు. శాంతికి ముహూర్తం చూసేలోపు శ్రావణం అయిపోయింది. భాద్రపదం శూన్యమాసం, అందులో గృహంలోకి తీసుకురావడం ఏంటన్నారు. అందులోనే రెండో సగం మహాలయ పక్షం, పితృదేవతల రోజులు. ఒక్కో మాటా దాని మటుకు దానికి సబబుగానే ఉండేది. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ వస్తే, ఆ మేత బస్తాల్లాగే, దూలం దాకా వెళ్ళింది.

నేను పిల్లల్ని మా అత్తగారికి అప్పజెప్పి నిడదవోలుకీ, ఆ ఊరికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ అమ్మమ్మ అడిగేది ఒక్కటే. "ఇవాళేం కూర?" మూత తియ్యకముందే మెంతులు మాడాయని చెప్పిన మనిషి. ఆ మేత కంపులో ఆవిడ ముక్కుకి ఇంకేదీ అందేది కాదు. అమ్మ చెప్పేది, వంకాయనో, కందనో. "ఊఁ" అనేది. ఎలా వండారని అడిగేది కాదు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది దానికే. ఆవిడ తప్పు పట్టడం మానేసింది.

వానలు పడ్డాయి. కప్పు కారింది. మావయ్య చెరువుల మీద కప్పే నీలం పట్టా తెచ్చి పైన కట్టించాడు. బల్బు పెట్టించాడు. రోజూ సాయంత్రం చెరువుల నుంచి రాగానే స్నానం చేసి, పాకలోకి వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టేవాడు. అలా పట్టే కొడుకుని చూస్తే నాకు జాలేసేది. ఆ జాలితోనే ఒళ్ళు మండేది.

ఓ రోజు దొడ్లోనే ఆపేసి అడిగాను.

"ఇంకెన్నాళ్ళు మావయ్యా?"

"చూస్తున్నాం కదే."

"ఏం చూస్తున్నారు? ఆవిడ బతికింది. అది చూడలేదా?"

"నీకు చదువుంది, మాట్లాడతావు. నాకు ఇల్లుంది. లోపలికి తెచ్చాక మళ్ళీ తిరగబెడితే? ఈసారి టైం ఉంటుందా? పిల్ల పురిటికి వస్తోంది. పసిగుడ్డుని వేసుకుని ఎక్కడికి పొమ్మంటావు?"

నెలలు నిండుతున్న పిల్ల మావయ్య కూతురు. తొలిచూలు. దానికి నా దగ్గర సమాధానం ఉంది. "పిల్లని మా ఇంటికి పంపు, పురుడు నేను పోస్తాను. లేకపోతే అమ్మమ్మనే నాకివ్వు, రేపే కారు మాట్లాడి తీసుకెళ్తాను" అన్నాను.

"కొడుకు ఉండగా ఆడపిల్ల కూతురింట్లో పోయిందంటారు. నేనేమైనా చచ్చానా?"

"నువ్వు బతికుండగా పశువుల పాకలో పోయిందంటే బావుంటుందా?"

మావయ్య మొహం నల్లబడిపోయింది. ఆయన నామీద ఎప్పుడూ కేకలెయ్యలేదు. అప్పుడు కూడా వెయ్యలేదు.

"నాకు సరదానా అమ్మా?" అన్నాడు. "ఈ ఊళ్ళో ఎంతమంది అమ్మ మాట మీద కన్నవాళ్ళని బయటికి మోశారో నీకు తెలుసా? వానలో మోశారు. వద్దని ఏడుస్తుంటే మోశారు. ఇవాళ నా ఇంటికొచ్చేసరికి నక్షత్రాలు లేవు, గిక్షత్రాలు లేవంటే వాళ్ళ మొహం ఎలా చూడను? అమ్మ చూస్తుందా? ఆవిణ్ణే అడుగు."

అడుగుదాం పద అన్నాను. ఇద్దరం పాకలోకి వెళ్ళాం. అమ్మ మంచం పక్కనే ఉంది. కాబట్టి ఆ మాట విన్నవాళ్ళం ముగ్గురం. ఇప్పుడు పెళ్ళిళ్ళలో చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు.

"అమ్మమ్మా, లోపలికి నీ గదిలోకి వెళ్దామా?" అన్నాను.

ఆవిడ ముందు కొడుకు వంక చూసింది. మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వెలుతురుకి అడ్డంగా. తర్వాత నా వంక చూసింది. తర్వాత, బస్తాల మధ్య సందులోకి.

"ఇక్కడే బావుందే. గాలొస్తోంది" అంది.

మావయ్య ఊపిరి వదలడం నాకు వినిపించింది. నేను విసనకర్ర వైపు చూశాను. అది అమ్మ చేతిలో ఉంది. ఆగితే చాలు, అమ్మమ్మ మొహం మీద చెమట పట్టేస్తోంది. గాలొస్తోందట. నేను ఇంకో మాట అనబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆవిడ తమ్ముడింట్లో ఉన్న ఆడపడుచు. ఆ ఇంట్లో ఆవిడకున్న హక్కు ఆ నొక్కు మాత్రమే.

ఆ సాయంత్రానికే ఊళ్ళో మాట మారిపోయింది. ఆవిడే రానందట. ఆవిడకి అక్కడే హాయిగా ఉందట. గాలి బాగుందట. అత్తయ్య ఆ మాట చెబుతూ మొదటిసారి తేలిగ్గా నవ్వడం చూశాను. ఆవిడ నోటితోనే అంది మరి.

దసరా వెళ్ళాక మళ్ళీ వెళ్ళాను. అమ్మమ్మ చిక్కి మంచానికి అతుక్కుపోయి ఉంది. వెంట్రుకలకి నూనె రాస్తుంటే నెత్తి ఎముక చేతికి తగులుతోంది. అమ్మ అన్నం కలిపి తేవడానికి లోపలికి వెళ్ళింది. పురిటికి వచ్చిన పిల్ల వరండాలో కూర్చుని ఉంది. దాని గాజుల చప్పుడు పాకలోకి వినిపిస్తోంది. అమ్మమ్మ ఆ చప్పుడు వింటూ పడుకుంది.

"ఇవాళేం కూర?"

"ఆనపకాయ, పాలు పోసి."

"ఊఁ."

అడక్కుండానే చెప్పింది. ఆ చింతపండు గింజల రోజున చెప్పినట్టే, నా మొహం చూడకుండా.

"మా అత్తగారు కూడా అడిగేదే."

"ఏమని?"

"లోపలికి తీసికెళ్ళవే అని. నోట మాట రాదు. చేత్తో గుమ్మం చూపించేది."

నా చెయ్యి ఆవిడ నెత్తి మీద ఆగిపోయింది. "నువ్వేమనేదానివి?"

"ఇక్కడే బావుందిగదా అత్తయ్యా, గాలొస్తోంది, అనేదాన్ని. జల్లు కొడుతుంటే గోనె పట్టా కప్పి మరీ అనేదాన్ని."

"ఆవిడేం చేసేది?"

"ఏం చేస్తుంది? చెయ్యి దించేసేది. మళ్ళీ ఎత్తేది." ఊపిరి తీసుకుంది. "నాలాగ తిరిగి లేవలేదులే. కానీ వెంటనే పోనూ లేదు. నేను లెక్కపెట్టిన నక్షత్రం దాటిపోయాక కూడా ఉంది. ఇక ఇవాళో రేపో అని అలాగే ఉంచేశాను."

నూనె చేతుల్తోనే ఆవిడ మొహం నా వైపు తిప్పుకున్నాను. "అమ్మమ్మా, మరి మొన్న మావయ్య ముందు నువ్వు కూడా అదే మాట…"

"అదిగో, మీ అమ్మ అన్నం తెచ్చింది" అంది. "చల్లారిపోతుంది, పెట్టనీ."

అమ్మ ఇంకా దొడ్డి మధ్యలోనే ఉంది.

ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. ఉప్పు తక్కువైందని నాకు తెలుసు, నేను ముందే రుచి చూశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఉప్పు తక్కువైందా అమ్మమ్మా అని నేనే అడిగాను. "బావుందే" అంది. ఆ రోజు బస్సులో రామచంద్రపురం నుంచి రాజమండ్రి దాకా ఏడుస్తూనే వచ్చాను. కండక్టరు టిక్కెట్టు చేతిలో పెట్టి, ఎవరైనా పోయారా అండి అని అడిగాడు. ఇంకా లేదండి అన్నాను.

దీపావళి అమావాస్య నాడు పొద్దున్న పోయింది. నేనూ మా ఆయనా వెళ్ళేసరికి ఆవిణ్ణి పాకలోంచి కూడా తీసి, దొడ్లో ఆరుబయట నేలమీద పడుకోబెట్టారు. అంతకు కొద్ది రోజుల ముందే మావయ్య కూతురికి మగపిల్లాడు పుట్టాడు. అమ్మమ్మ గదిలోనే పడుకోబెట్టారు తల్లినీ పిల్లాణ్ణీ, వంటింటికి దగ్గర, వేణ్ణీళ్ళు అందుతాయని. పిల్లాడి ఏడుపు చిన్న కిటికీలోంచి వంటింటి మీదుగా దొడ్లోకి వినిపిస్తోంది. సిద్ధాంతి వచ్చి, పంచాంగం తెరిచి, వేలుతో గీత వెంట నడిపి, తల ఊపాడు.

"స్వాతి నక్షత్రమండి. ఏ దోషమూ లేదు."

"ఏ దోషమూ లేదా?" అన్నాను.

"లేదమ్మా. నిక్షేపంలా ఉంది. లోపల పోయినా ఇబ్బంది లేదు. పుణ్యాత్మురాలండి, చూసుకుని మరీ వెళ్ళారు."

చుట్టూ ఉన్నవాళ్ళు "ఆయ్, అంతేనండి, అంతే" అన్నారు. కొంతమంది దణ్ణం పెట్టారు. మావయ్య గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు. ఏ మాటకి ఏడ్చాడో నాకు తెలుసనే అనుకుంటున్నాను. కానీ ఆయన ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నేను కదిపినా ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆయనే పెళ్ళిళ్ళలో ఆ కథ చెప్పడం మొదలెట్టాడు. చాప కూడా ఆయన కల్పించిందే. మొదటిసారి చాప మాట విన్నప్పుడు బంతి మధ్యలోనే లేచి, చాప లేదు మావయ్యా, మంచం అన్నాను. అందరూ నన్ను కూర్చోబెట్టారు. పెళ్ళిలో ఈ గొడవేంటమ్మా అన్నారు.

మావయ్య కూడా పోయాడు. ఆయన్ని ఎవరూ బయటికి మొయ్యలేదు, కాకినాడ ఆసుపత్రిలో పోయాడు. ఇప్పుడు ఎవరూ నక్షత్రాలు చూసుకుని పోవడం లేదు. ఆసుపత్రి శ్లాబు ఎవరి శ్లాబో ఎవరూ అడగడం లేదు. మా అమ్మ కూడా పోయింది. అమ్మమ్మ అన్న ఆ మాట చెవులారా విన్న ముగ్గురిలో నేనే మిగిలాను. నేను చెప్పేది సాక్ష్యం అంటాను, మా వాళ్ళు పోట్లాట అంటారు.

పోట్లాటే అనుకోండి. అమ్మమ్మతో పెట్టుకున్న వాదాలన్నిట్లో నేనే ఓడిపోయాను, దీన్లో కూడా ఓడిపోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ లేచి ఒక్క సమాధానం చెబితే చాలు, మెంతులు మాడాయని చెప్పినంత సూటిగా. కొడుకు పరువు కాపాడటానికి అలా అందని కొన్నాళ్ళు నమ్మాను. పుట్టబోయే పిల్లాడి కోసమని కొన్నాళ్ళు నమ్మాను. నూనె రాసిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడల్లా ఆ రెండూ నిలబడవు. వానలో తడుస్తున్న వసారా, గుమ్మం వైపు లేచే ఓ ముసలి చెయ్యి, దాని మీద కప్పిన గోనె పట్టా కనిపిస్తాయి.

అమ్మమ్మా, లోపలికి వెళ్దామా అని నిన్ను అడిగింది నేను. "ఇక్కడే బావుందే, గాలొస్తోంది" అని నువ్వు చెప్పింది నాకా, మీ అత్తగారికా?